అక్షరం ఏ రూపంలో కనబడాలో ఎంచుకునే వీలు వాడుకరికి ఎందుకు లేదు? (ఫాంట్లలోని ఐచ్ఛిక ఫీచర్ల గురించి)

నల్లసిరా

ఒక పద్యాల పుస్తకాన్ని లిబ్రే ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూరుస్తున్నాను. ప్రచురణకర్త పాత ముద్రణ ప్రతిని ఇచ్చి, అక్షరాల తీరు వీలైనంతవరకు అలాగే ఉండాలన్నారు. అందులో ‘మొ’, ‘మో’, ‘యొ’, ‘యో’ అక్షరాలకు తల మీద ఎత్వం, కుడి పక్కన కొమ్ము ఉన్నాయి. నేను ఎంచుకున్న ఫాంటులో ఒత్వం, ఓత్వం నేరుగా తల మీదే వస్తున్నాయి. ఫాంటుతో వచ్చిన పత్రంలో పాత రూపం కూడా ఉందని, ‘ఎస్‌ఎస్01’ అనే ఫీచరుతో (అక్షరం రూపాన్ని మార్చడానికి ఫాంటులోనే ఉండే ఏర్పాటుతో) దాన్ని తెప్పించుకోవచ్చని రాశారు. ఎలాగో చెప్పలేదు.

మాతో పనిచేసే ఒకరు ‘మె’ కొట్టి దానికి కొమ్ము తగిలించమన్నారు. చేసి చూస్తే కాగితం మీద కావలసిన రూపమే వచ్చింది. అయినా పుస్తకమంతా అలా టైపు చేయడానికి మనసొప్పడం లేదు. సరైన దారి ఏమిటి? ఫాంటులో ఇలాంటి రూపాలు ఉన్నప్పుడు వాటిని వాడుకరికి ఎదురుగా ఎందుకు చూపించరు?

కోడుతోట

ముందు దారి చెబుతాను. లిబ్రే ఆఫీసులో అక్షరాల అమరిక పెట్టె తెరిస్తే, ఫాంటు ఎంచుకునే చోటనే ‘ఫీచర్స్’ అనే మీట ఉంటుంది. 2019లో వచ్చిన 6.2 వెర్షన్ నుంచి ఇది ఉంది. తెలుగు సంక్లిష్ట లిపుల కిందకు వస్తుంది కాబట్టి పాశ్చాత్య ఫాంటు గడి పక్కనున్న మీట కాకుండా, సంక్లిష్ట లిపుల గడి పక్కనున్నది నొక్కండి. ఆ ఫాంటులో ఉన్న ఐచ్ఛిక ఫీచర్లన్నీ గళ్లతో కనిపిస్తాయి, కింద నమూనా కూడా మారుతూ ఉంటుంది.

ఒక్కొక్క పేరాకు విడివిడిగా పెట్టకండి. పద్యానికి ఒక శైలి, వచనానికి ఒక శైలి తయారు చేసుకుని ఆ శైలిలో పెట్టండి. ఇంకో జాగ్రత్త ఉంది. లిబ్రే ఆఫీసు ఈ ఎంపికను ఫాంటు పేరు వెనకే, రెండు చుక్కలు పెట్టి దాస్తుంది. ఆ ఫైలును వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అలాంటి పేరున్న ఫాంటే లేదని మరోదాన్ని వాడే ప్రమాదం ఉంది. అచ్చుకు పీడీఎఫ్ ఇవ్వడమే మేలు.

గ్రంథాల గది

నల్లసిరా గారూ, మీ మనసు ఒప్పుకోకపోవడమే మంచిదైంది. దయచేసి ఆ పని చేయకండి. పాత తెలుగు పత్రికలను, పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి సూచికలు తయారు చేయడం నా పని. ‘మొదటి’ అని వెతికితే దొరకని పేజీలు ‘మెుదటి’ అని వెతికితే దొరుకుతాయి. కంటికి రెండూ ఒకేలా ఉండవచ్చు. కానీ మొదటిదానిలో మకారం, ఒత్వం మాత్రమే ఉన్నాయి. రెండోదానిలో మకారం, ఎత్వం, కొమ్ము వేర్వేరు గుర్తులుగా ఉన్నాయి. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికి ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్ ప్రమాణం వీటిని సమానంగా చూడదు. ‘మెుత్తం’, ‘యెుక్క’ లాంటివి వెబ్‌లో ఎన్ని పేజీల్లో ఉన్నాయో మీరే ఒకసారి వెతికి చూడండి. వాటిలో కొన్ని పాత ఫాంట్ల నుంచి మార్పిడి చేసేటప్పుడు వచ్చాయి, కొన్ని కీబోర్డు మీద చేత్తో కొట్టినవి.

తెర మీద చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి చోట తడబడుతుంది. చూపు లేని పాఠకుడికి అందమైన అక్షరంతో పనేముంది? ఆయనకు కావలసింది సరైన అక్షరం. అకారాది క్రమం కూడా చెడుతుంది: ‘మెు’తో మొదలైన మాట ‘మె’ దగ్గరకు పోయి కూర్చుంటుంది.

ఇందులో టైపు చేసినవారిని తప్పుపట్టలేను. పుస్తకంలో చూసిన రూపం తెర మీద రాకపోతే మనిషి ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. రూపాన్ని మార్చుకునే మీట చేతికి అందకపోతే అక్షరాలనే మార్చేస్తాడు.

పేజీల పంతులు

ఈ చివరి మాటకు నా అనుభవం కూడా సాక్ష్యం. పేజ్‌మేకర్ కాలం నుంచి పత్రికల్లో పేజీలు పెట్టినవాణ్ణి. అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఆంగ్ల అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఉండేవి: తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తులు వేరు. ఒకే వత్తుకు రెండు మూడు కొలతల్లో ముక్కలు ఉండేవి. పైన వెడల్పాటి అక్షరం ఉంటే ఒకటి, సన్నటిది ఉంటే మరొకటి వేసేవాళ్లం. క్రారవడిని ఎడమ నుంచి చుట్టాలా, అడుగున వేలాడదీయాలా అన్నది ఆపరేటర్ చేతిలోనే ఉండేది. శీర్షికలో ‘శ్రీ’ని ఎలా దిద్దుకోవాలన్నా దిద్దుకునేవాళ్లం.

యూనికోడ్ వచ్చాక ఆ అధికారమంతా ఫాంటు తయారీదారు చేతికి పోయింది. వెతకడానికి, పంపుకోవడానికి, వెబ్‌లో పెట్టుకోవడానికి వీలైంది, కాదనను. కానీ ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో వత్తు కింద వత్తు పడి కింది పంక్తిలోని గుడిని ఢీకొంటే సరిదిద్దుకునే వీలు ఆపరేటర్‌కు లేకుండా పోయింది. డీటీపీ కేంద్రాలు ఇన్నేళ్లు పాత ఫాంట్లను వదలకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణమని చాలామంది అంటారు. ఆ మాట అన్యాయం. చేతిలో ఉన్న పనితనాన్ని వదులుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు?

అక్షరశాల

పంతులు గారు చెప్పినదాన్ని ఫాంటు తయారీ వైపు నుంచి ఒప్పుకుంటాను. ఆ పనితనానికి యూనికోడ్ అడ్డు కాదని కూడా చెప్పాలి. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్ అనే ఫాంట్ల ప్రమాణంలో ఇందుకు చోటు ఉంది. ఒక్క అక్షరానికి ఎన్ని రూపాలైనా ఫాంటులో గీసి ఉంచవచ్చు. ఏ రూపం వాడాలో ఫీచరు చెబుతుంది. పాఠ్యంలోని అక్షరాలు మాత్రం మారవు. నల్లసిరా గారు ఎస్‌ఎస్01 వాడి తయారు చేసిన ఫైలులో ‘మొదటి’ అని వెతికితే ‘మొదటి’యే దొరుకుతుంది.

ఫీచర్లలో రెండు జాతులు ఉన్నాయి. కొన్ని తప్పనిసరి. తెలుగులో క్ష లాంటి సంయుక్తాలు కుదరడం, హల్లు కింద హల్లు వత్తుగా మారడం, గుణింతపు గుర్తు అక్షరానికి అతుక్కోవడం ఇవన్నీ ఫీచర్ల ద్వారానే జరుగుతాయి. వీటిని వాడుకరి ఆపేస్తే ‘అక్క’ కాస్తా పొల్లుతో ‘అక్‌క’ అయిపోతుంది. అందుకని మంచి సాఫ్ట్‌వేర్ వీటిని జాబితాలో చూపించదు, చూపించకూడదు కూడా. రెండో జాతి ఐచ్ఛికం: శైలి సమితులు ఇరవై (ఎస్‌ఎస్01 నుంచి ఎస్‌ఎస్20 వరకు), ఒక్కొక్క అక్షరానికి ప్రత్యేక రూపాలు తొంభైతొమ్మిది (సీవీ01 నుంచి సీవీ99 వరకు), అంకెల రకాలు, భిన్నాలు, అలంకార రూపాలు. నల్లసిరా గారికి కావలసింది ఇక్కడ ఉంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇరవై సమితుల్లో ఏది ఏమి చేస్తుందో ప్రమాణం చెప్పదు. నా ఫాంటులో ఎస్‌ఎస్01 ఓత్వాన్ని మార్చవచ్చు, మరొకరి ఫాంటులో శ్రీని మార్చవచ్చు. అందుకే ఫాంటులోనే ప్రతి సమితికి ఒక పేరు రాసిపెట్టే ఏర్పాటు ఉంది. ఆ పేరు ఏ భాషలోనైనా ఉండవచ్చు, తెలుగులో కూడా. ‘మ, య, ఘ, ఝలకు కొమ్ముతో ఒత్వం’ అని నేను రాసిపెడితే, ఆ పేరు చదివే సాఫ్ట్‌వేర్‌లో గడి పక్కన అదే కనిపిస్తుంది. చదవని సాఫ్ట్‌వేర్‌లో ఉత్త అంకె కనిపిస్తుంది. వర్డ్‌లో 2010 నుంచి ఈ సౌకర్యం ఉంది కానీ జాబితాలో 1, 2, 3 అనే ఉంటాయి. పైగా ఒక్కసారికి ఒక్క సమితినే ఎంచుకోనిస్తుంది.

నేను పదేపదే అడిగేది ఇదే. మీట ఇవ్వండి. దాని పేరు మనిషికి అర్థమయ్యేలా చూపించండి. నమూనా పక్కనే పెట్టండి. నాలుగు అక్షరాల సంకేతాలు గుర్తుపెట్టుకోవడం వాడుకరి పని కాదు.

కోడుతోట

ప్రోగ్రాములు రాసేవారి ప్రపంచంలో ఇదే గొడవ ఎలా తేలిందో చెబుతాను. కోడు రాసుకునే ఫాంట్లలో బాణం గుర్తు, ‘సమానం కాదు’ గుర్తు లాంటివి రెండు మూడు గుర్తులు కలిసి ఒక్క రూపంగా కనిపించే పద్ధతి వచ్చింది. కొందరికి ప్రాణం, కొందరికి కంటగింపు. ఆపుకునే మీట చాలా ఎడిటర్లలో లేకపోవడంతో తయారీదారులు రెండేసి ఫాంట్లు విడుదల చేశారు. మైక్రోసాఫ్ట్ వారి కాస్కేడియా కోడ్‌లో ఆ కలయికలు ఉంటాయి, కాస్కేడియా మోనోలో ఉండవు. మిగతా అంతా ఒకటే. జెట్‌బ్రెయిన్స్ మోనోకు కూడా కలయికలు లేని జంట ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి పెట్టనందుకు ప్రపంచం రెండు ఫాంట్లు మోస్తోంది. తర్వాత వీఎస్ కోడ్‌లో, విండోస్ టెర్మినల్‌లో ఏ ఫీచరు కావాలో ఏది వద్దో రాసుకునే వీలు వచ్చింది. అయితే అది కూడా సెట్టింగుల ఫైలులో సంకేతాలు తెలిసినవారికే ఉపయోగం.

పేజీల పంతులు

అంతా బాగుంది. కానీ నాకో భయం. తొంభైతొమ్మిది మీటలు ఇస్తే పేజీ ఏమవుతుంది? ఒక వార్తలో క్రారవడి ఒకలా, పక్క వార్తలో మరోలా. పెళ్లి శుభలేఖల్లో ఇప్పటికే ఒక్కో పంక్తికి ఒక్కో ఫాంటు చూస్తున్నాం. ఫాంటు గీసినవారు ఎంతో ఆలోచించి ఒక రూపం నిర్ణయిస్తారు. దాన్ని గౌరవించడం కూడా పనితనమే.

గ్రంథాల గది

పంతులు గారూ, గౌరవం సరే. ఒక లిపిని వాడే వారందరికీ ఒకే రూపం నప్పుతుందనుకుంటే ఎవరో ఒకరు నష్టపోతారు. దేవనాగరినే చూడండి. మరాఠీవారి ల, శ రూపాలు హిందీ పుస్తకాల రూపాలకు భిన్నం. ఒకే ఫాంటులో రెండూ ఉంచి, పాఠ్యం ఏ భాషదో తెలిస్తే దానికి తగిన రూపం చూపే ఏర్పాటు ఓపెన్‌టైప్‌లో ఉంది. కానీ పాఠ్యానికి భాష గుర్తు పెట్టే వీలు లేని సాఫ్ట్‌వేర్‌లో మరాఠీ పిల్లవాడు హిందీ శ చూసి చదువుకోవాల్సిందే. తుర్కీలో చుక్క ఉన్న ఐ వేరు, చుక్క లేని ఐ వేరు. ‘ఎఫ్’, ‘ఐ’ కలిసి ఒక్క రూపమైతే చుక్క మాయమై ఏ అక్షరమో తెలియదు. వారికి ఆ కలయిక అందం కాదు, అక్షరదోషం.

మలయాళం సంగతి ఇంకా పెద్దది. 1971లో కేరళ ప్రభుత్వం లిపిని సంస్కరించి, టైపురైటర్‌కు, అచ్చుకు అనువుగా సంయుక్తాక్షరాలను విడగొట్టింది. పాత లిపిని ప్రేమించేవారు ‘రచన’ లాంటి ఫాంట్లతో దాన్ని మళ్లీ కంప్యూటర్ మీదకు తెచ్చుకున్నారు. ఒకే పాఠ్యం ఒక ఫాంటులో పాత లిపిగా, మరో ఫాంటులో కొత్త లిపిగా కనబడుతుంది. పాఠ్యం చెక్కుచెదరదు. ఎవరికి ఏది అలవాటో వారు దానిలో చదువుకుంటారు. రూపాన్ని ఫాంటుకు, అక్షరాన్ని పాఠ్యానికి వదిలితే ఎంత మేలు జరుగుతుందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఒహాయో తెలుగుబడి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ వారాంతాల్లో పిల్లలకు తెలుగు నేర్పుతాను. నా ఇబ్బంది కూర్పరులది కాదు, చదివేవారిది. వాచకంలో ‘మో’ ఒకలా ఉంటుంది, పిల్లల టాబ్లెట్‌లో ఇంకోలా ఉంటుంది. అప్పుడే గుణింతం నేర్చుకుంటున్న పిల్లవాడికి అవి రెండు వేర్వేరు అక్షరాలు. ఇంట్లో మాట్లాడే భాషే తప్ప చుట్టూ ఒక బోర్డు కూడా తెలుగులో కనబడని చోట ఈ గందరగోళం చిన్నది కాదు. పాఠం పేజీ నేనే తయారు చేస్తాను కాబట్టి అక్కడ సరిచేసుకోగలను. బయటి కథల సైటు తెరిస్తే నా చేతిలో ఏముంది?

కోడుతోట

ప్రస్తుతానికి చాలా తక్కువ. వెబ్‌లో ఏ ఫీచరు ఉండాలో పేజీ రాసినవారు చెప్పగలరు, వెబ్ పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో దానికి ఆదేశాలు ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచి యాప్ రాసేవారికి కూడా ఆ వీలుంది. చదివేవారికి మాత్రం బ్రౌజర్ సెట్టింగులలో ఫాంటు, పరిమాణం తప్ప ఫీచర్లకు చోటు లేదు. అధికారం రచయిత దగ్గర ఆగిపోయింది, పాఠకుడి దాకా రాలేదు. మాక్‌లో కొంత నయం: ఫాంట్ల పెట్టెలో టైపోగ్రఫీ అనే విభాగం ఉంది, ఆ పెట్టెను వాడుకునే ప్రతి ప్రోగ్రాములోనూ ఫీచర్లు పేర్లతో సహా కనిపిస్తాయి.

మీలాంటివారికి మరో దారి ఉంది. భాషల మీద పనిచేసే సిల్ సంస్థ తన ఫాంట్లకు టైప్‌ట్యూనర్ అనే వెబ్ పరికరం పెట్టింది. కావలసిన రూపాలు ఎంచుకుంటే, అవే సహజ రూపాలుగా ఉన్న ఫాంటును తయారు చేసి ఇస్తుంది. ఆ ఫాంటు వేసుకుంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మీటలతో పని లేదు. తెలుగు ఫాంట్లకు అలాంటిది ఒకటి ఉంటే మీ బడికి ఒకే రూపం ఖాయం చేసుకోవచ్చు.

అక్షరశాల

లైసెన్సు అనుమతించే స్వేచ్ఛా ఫాంట్లకు అది చేయవచ్చు, చేయాలి కూడా. పేరు మాత్రం మార్చి ఇవ్వాలి, లేకపోతే ఒకే పేరుతో రెండు రూపాల ఫాంట్లు తిరుగుతాయి.

పంతులు గారి భయానికి నా జవాబు: మీటలు ఎక్కువైతే పేజీ చెడదు, చెడ్డ చోట పెడితే చెడుతుంది. ప్రతి అక్షరం పక్కనా కాకుండా పుస్తకానికి ఒక్కసారి, శైలిలో పెట్టే వీలు ఉండాలి. పత్రికలో ఈ నిర్ణయం మీలాంటి అనుభవజ్ఞులే ఒక్కసారి చేసి మిగతావారికి శైలిగా అందిస్తారు.

అంకెల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. తెలుగులో ఎక్కువమందికి ఇది అవసరం. చాలా ఫాంట్లలో అంకెలు ఒకే వెడల్పులో ఉండవు. ఒకటి సన్నగా, ఎనిమిది వెడల్పుగా ఉంటాయి. వచనంలో అదే బాగుంటుంది. మార్కుల పట్టికలో, జమాఖర్చుల్లో మాత్రం ఒకట్ల కింద ఒకట్లు రాక కంటికి లెక్క తప్పుతుంది. పట్టికల కోసం సమాన వెడల్పు అంకెలు తెచ్చే ఫీచరు ఓపెన్‌టైప్‌లో ఉంది, ఫాంటులో ఆ అంకెలు గీసి ఉంటే చాలు. వర్డ్‌లో దీనికి ‘నంబర్ స్పేసింగ్’ అనే ఎంపిక ఉంది. అది తెలియక ఖాళీలు కొట్టి వరుసలు సరిచేసే గుమాస్తాలను చూస్తే బాధ కలుగుతుంది. అక్కడ కూడా జరుగుతున్నది ‘మెు’ కథే.

పేజీల పంతులు

శైలిలో పెట్టే పక్షంలో నాకు అభ్యంతరం లేదు. పేజీలు కూర్చడానికి ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఒక మాట: పేరా కూర్పులో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు వత్తులే సరిగా పడవు, ఇక ఐచ్ఛిక రూపాల గురించి ఆలోచించనక్కర్లేదు. అది పెట్టుకున్నాక ఓపెన్‌టైప్ జాబితాలోంచి సమితిని పేరా శైలిలో చేర్చుకోవచ్చు.

ఇంకొకటి. ‘సాఫ్ట్‌వేర్’, ‘రాజ్‌కుమార్’ లాంటి మాటల్లో వత్తు పడకుండా ఆపడానికి కంటికి కనబడని విడదీసే గుర్తు వాడతాం కదా, దాన్ని కూడా ఫీచరుగా మార్చవచ్చా?

గ్రంథాల గది

దాన్ని మార్చకూడదండి. అక్కడ పొల్లు రాయాలా, వత్తు రాయాలా అన్నది రాసినవారి వర్ణక్రమం. ఫాంటు మారినా, ఫైలు వేరే చోటుకు వెళ్లినా అది నిలవాలి. అందుకే పాఠ్యంలోనే ఉండాలి. వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోకుండా చూడటం వెతికే సాఫ్ట్‌వేర్ బాధ్యత. ‘మో’కు కొమ్ము ఎటు ఉందన్నది వర్ణక్రమం కాదు, అది ఫాంటులో ఉండాలి. ఈ గీత చెరిగిపోతే మళ్లీ పాత ఫాంట్ల కాలంలోకే వెళతాం.

నల్లసిరా

అందరికీ కృతజ్ఞతలు. కోడుతోట గారు చెప్పినట్టు శైలిలో పెట్టాను. జాబితాలో ఎస్‌ఎస్01 పక్కన పేరు లేదు, అయినా నమూనాలో రూపం మారడం చూసి గుర్తుపట్టాను. ‘మొ’, ‘మో’, ‘యొ’, ‘యో’ సరిగ్గా వచ్చాయి. కానీ ‘సమ్మోహనం’, ‘అయ్యో’ మారలేదు, వాటిలో ఓత్వం ఇంకా తల మీదే ఉంది. పద్యాల్లో ‘అయ్యో’ చాలా చోట్ల వస్తుంది.

అక్షరశాల

అది ఫాంటులోని లోపం, మీ అమరికది కాదు. అక్షరం కింద వత్తు ఉన్నప్పుడు కూడా నియమం వర్తించేలా రాయాలి, లుకప్‌ల (ఫాంటులో రూపాలు మార్చే నియమాల) వరుసలో దాన్ని చివర ఉంచాలి. తయారీదారుకు ఉత్తరం రాస్తూ ఈ మాటలు పంపండి. మారవలసినవి: మొదలు, మోకాలు, యొక్క, యోగం, ఘోష, సమ్మోహనం, అయ్యో. మారకూడనివి: సొమ్ము, ధర్మో, కార్యో. చివరి రెండింటిలో మ, య వత్తులుగా ఉన్నాయి, ఓత్వం పడింది రకారం మీద. నియమం గురి తప్పి వాటిని కూడా పట్టుకుంటే అక్కడే బయటపడుతుంది. సమితికి తెలుగులో పేరు కూడా చేర్చమని అదే ఉత్తరంలో అడగండి.